చప్పుడు చెయ్యని గిలక

మా గెడ్డలోకి రెండు రకాల నీళ్లు వచ్చేవి. ఊళ్లో పడిన వాన నీళ్లు ఒక రకం. అవి మెల్లగా వస్తాయి, చెప్పి వస్తాయి. రెండోది మనకి కనపడని వాన. ఇక్కడ ఎండ కాస్తూనే ఉంటుంది. పైన మహేంద్రగిరి కొండల్లో ఎక్కడో కురుస్తుంది. అమ్మ ఒడ్డున బట్టలు ఉతుకుతూ ఉండగానే నీళ్లు ఎర్రబడతాయి. ఎర్రబడ్డాయంటే సబ్బు, బకెట్టు అక్కడే వదిలేసి పైకి వచ్చెయ్యాలి. అరగంటలో మొలలోతు, గంటకి మనిషి లోతు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది కదా, ఆ ఏట్లో కలిసే ఒక చిన్న గెడ్డ ఒడ్డున మా ఇల్లు. తోటేమో అవతలి ఒడ్డున. రెండెకరాలు. కొబ్బరి, వాటి మధ్య జీడి, అక్కడక్కడ పనస, గట్టు మీద ఒక ముసలి నేరేడు. ఎండాకాలంలో చెప్పులు చేత్తో పట్టుకుని దాటేసేవాళ్లం. జూలై నుంచి నవంబరు దాకా మాత్రం గెడ్డ మాది కాదు. రోడ్డు వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్తే ఆరు కిలోమీటర్లు. నాన్నకి రోజుకి రెండుసార్లు వెళ్లి రావడం తప్పదు. సైకిలుంది, అయితే వానాకాలం ఆ దారిలో సైకిలు నాన్నని మోసిన దాని కంటే నాన్న సైకిలుని మోసిందే ఎక్కువ.

అంతకుముందు తాటి దోనె ఉండేది. తాటి మొద్దుని తొలిచి చేసేది, చూసే ఉంటారు. 1996 వానల్లో అది నూట పాతిక కొబ్బరికాయలతో సహా బోర్లా పడింది. నాన్న ఈది బయటపడ్డాడు. కాయలు బారువ దాకా వెళ్లుంటాయని నాయనమ్మ అనేది. ఆ రాత్రి అమ్మ అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున నాన్న గెడ్డ ఒడ్డున నిలబడి చాలాసేపు చింతచెట్టు వైపు చూశాడు. తర్వాత అవతలి గట్టు వైపు చూశాడు. మళ్లీ చెట్టు వైపు. నాన్నకి ఏదైనా ఆలోచన వస్తే మెడ అలా తిరుగుతుంది.

"దండెం కట్టేద్దావు," అన్నాడు.

బట్టలారేసుకునే దండెమేమో అనుకుంది అమ్మ.

నాన్న అన్నది గెడ్డకి అడ్డంగా తాడు కట్టి, దానికి వేలాడే బల్ల మీద దాటడం. అదంతా తేలేసరికి మరుసటి వేసవి వచ్చింది. నేను తొమ్మిది పాసై పదిలోకి వస్తున్నాను. మా మేనమామ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ట్రాలర్ మీద పని చేసేవాడు. వల లాగే వించి తిప్పడం, తాళ్లు కలపడం ఆయన పని. కబురు పెడితే ఒక పాత ఇనప తాడు చుట్ట పట్టుకుని దిగాడు. నాన్న మొహం వెలిగిపోయింది. మావయ్య మాత్రం చుట్ట విప్పి, తాడుని మోకాలి మీద వంచి, స్క్రూడ్రైవరు దూర్చి పేటలు విడదీశాడు. లోపల్నుంచి ఎర్రటి పొడి రాలింది. పైకి గ్రీజుతో నల్లగా నిగనిగలాడుతున్న తాడు, లోపల పొగాకు పొడి.

"బావా, ఇది కొబ్బరికాయలకైతే పనికొస్తాది. నీకు పనికిరాదు," అన్నాడు.

"మరెందుకు మోసుకొచ్చావు?"

"సూపిద్దామని."

నిజంగా చూపించడానికే తెచ్చాడు. మాటతో చెబితే నాన్న వినడని ఆయనకి తెలుసు. రెండు నెలల కొబ్బరి డబ్బులు తీసుకుని ఇద్దరూ విశాఖ వన్‌టౌన్ వెళ్లి పన్నెండు ఎమ్ఎమ్ కొత్త తాడు కొనుక్కొచ్చారు. గెడ్డ వెడల్పు ఎనభై అడుగులు. కట్టుకోవడానికి అటూ ఇటూ కలిపి నూట ఇరవై అడుగులు తెచ్చారు. దాంతో పాటు యూ క్లాంపులు, తాడు బిగుతుని తిప్పి సరిచేసే టర్న్‌బకిల్, తాడు మడత నలిగిపోకుండా లోపల పెట్టే ఇనప థింబుళ్లు.

ఇవతల చింతచెట్టు. ఇంటికి పది అడుగుల దూరం, ఇద్దరు చేతులు కలిపినా అందనంత మొదలు. తాడు బెరడుని కొయ్యకుండా చుట్టూ చెక్క పలకలు కట్టి వాటి మీద చుట్టారు. అవతల కొబ్బరిచెట్లకే కట్టేద్దామన్నాడు నాన్న. మావయ్య ఒప్పుకోలేదు. కొబ్బరికి తల్లివేరు ఉండదు, ఇసక నేల, పక్కకి లాగితే ఒప్పుకోదు. అందుకని గట్టుకి వెనకాల ఐదడుగుల గొయ్యి తవ్వి తాటి దుంగని అడ్డంగా పడుకోబెట్టి, దాని నడుముకి తాడు కట్టి, రాళ్లూ మట్టీ వేసి దిమ్మిస కొట్టారు. ముందు రెండు తాటి దుంగల్ని కత్తెరలా నిలబెట్టి తాడుని వాటి మీదుగా తెచ్చారు. దుంగ పూడ్చేటప్పుడు నాయనమ్మ గట్టు మీద కూర్చుని చూస్తూ, "సచ్చినోడిని పూడ్సినట్టే పూడుస్తన్నారు," అంది. తర్వాత చదువుకున్నప్పుడు తెలిసింది, ఇంగ్లీషులో కూడా దాన్ని 'చచ్చినవాడు' అనే పిలుస్తారట. నాయనమ్మ ఏ పుస్తకం చదివిందో మరి.

క్లాంపులు బిగించడం మావయ్య నాచేత చేయించాడు. తాడు మడత పెట్టాక రెండు పోగులు పక్కపక్కన ఉంటాయి. ఒకటి బరువు లాగేది, రెండోది ఊరికే మిగిలిన తోక. క్లాంపుకి ఒక వైపు పళ్లున్న దిమ్మ, రెండో వైపు యూ ఆకారం కడ్డీ. "లాగే తాడు పరుపు మీద పడుకోవాల, నొక్కుడంతా తోక మీద పడాల," అని ఆయన లెక్క. దిమ్మే పరుపు. తిరగేసి బిగిస్తే యూ కడ్డీ బరువు మోసే తాడునే చిదిమేస్తుంది. మూడు క్లాంపులు, మధ్యలో మూడేసి అంగుళాల ఎడం. బరువు పడ్డాక తాడు సన్నబడుతుంది, అప్పుడు మళ్లీ బిగించాలి. ఇప్పుడు విశాఖలో క్రేన్ల మెయింటెనెన్స్‌లో ఉన్నాను, ఇరవై ఏళ్లు దాటింది. కొత్త కుర్రాళ్లకి ఈ పరుపు మాటే చెబుతాను. ఒక్కసారి చెబితే మర్చిపోరు.

తాడు లాగేటప్పుడు నాన్నకీ మావయ్యకీ పెద్ద గొడవ. నాన్నకి తాడు వీణ తీగలా ఉండాలి. టర్న్‌బకిల్ తిప్పుతూనే ఉన్నాడు. మావయ్య తిప్పిందల్లా వదిలేస్తూనే ఉన్నాడు. "పొట్ట ఉండాల బావా తాడుకి. పొట్ట లేపోతే తెగుద్ది." బిగుతుగా ఉన్నది ఎందుకు తెగుతుందో, వేలాడేది ఎందుకు ఆగుతుందో నాన్నకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. పాలిటెక్నిక్‌లో చేరాక ఒక రోజు కూర్చుని లెక్క వేశాను. మనిషి, చెక్క కలిపి వంద కిలోలు సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు ఎనభై అడుగుల తాడు నాలుగడుగులు దిగితే తాడులో లాగుడు సుమారు ఐదు వందల కిలోలు. అదే తాడు ఒక్క అడుగే దిగేంత బిగిస్తే రెండు వేల కిలోలు. మనిషి అదే, గెడ్డ అదే. ఆ కొత్త తాడు దాదాపు ఎనిమిది టన్నుల దగ్గర తెగుతుంది. మనుషుల్ని మోసేదానికి పదింతలు మిగులు ఉండాలంటారు, ఎనిమిదిని పదితో భాగిస్తే ఎనిమిది వందల కిలోలు. నాన్న బిగించినట్టు బిగిస్తే ఆ మిగులు ఎగిరిపోయేది. మావయ్య ఐదో క్లాసు.

ఇక బండి. బావిలో వాడే పోత ఇనప గిలకలు రెండు. వాటి కింద అటక మీంచి దించిన నాయనమ్మ ఉయ్యాల బల్ల, దాని నాలుగు గొలుసులతో సహా. లాక్కోవడానికి వలలకి కట్టే నైలాన్ తాడు, రెండు ఒడ్డుల్లోనూ చిన్న గిలకల మీదుగా చుట్టూ తిరిగి వచ్చేలా కట్టారు. బండి అవతల ఉండిపోయినా ఇవతల నుంచి లాక్కోవచ్చన్నమాట. పొట్ట ఉన్న తాడు కాబట్టి గెడ్డ మధ్య దాకా బండి దానంతట అదే జారిపోతుంది, అక్కణ్నుంచి చేత్తో లాక్కోవాలి.

ముందు తడి ఇసక బస్తాలు మూడు పంపారు. అవి వెళ్లి వచ్చాయి. మర్నాడు నాన్న వెళ్లొచ్చాడు. మూడో రోజు నేను. సరదా కొద్దీ తాడు మీద చెయ్యి వేశాను. గిలకకీ తాడుకీ మధ్యలోకి నా కుడి చేతి ఉంగరం వేలు వెళ్లింది. ఆ గోరు ఇప్పటికీ వంకరగానే పెరుగుతుంది. సాయంత్రానికల్లా గిలకలకి రెండు పక్కలా రేకు అడ్డాలు వచ్చాయి, నాకు మాత్రం నెల రోజులు బండి ఎక్కడం బంద్ అయింది.

ఇంతవరకూ బాగానే ఉంది. చప్పుడు సంగతి ఎవరూ ఆలోచించలేదు.

బావి గిలక ఎలా అరుస్తుందో తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. అయితే బావి గిలక నాలుగు బకెట్లు తోడేదాకా అరిచి ఊరుకుంటుంది. ఎనభై అడుగుల ఇనప తాడు మీద, డెబ్బై కిలోల మనిషిని మోస్తూ, రెండు గిలకలు శ్రుతి కలవకుండా అరిస్తే ఎలా ఉంటుందంటే, ఎవరో పందిని పట్టుకున్నట్టుంటుంది. పైగా తాడు చింతచెట్టుకి కట్టి ఉంది, చెట్టు కొమ్మ మా వంటింటి పెంకుల మీద ఆని ఉంది. ఇల్లంతా గుయ్యిమనేది. నాన్న తెల్లవారుజామున నాలుగున్నరకి దాటేవాడు. వీధిలోవాళ్లు మొదట్లో నవ్వారు. తర్వాత గడియారంలా వాడుకున్నారు. ఆగస్టులో మా అక్క పురుడుకి వచ్చింది. మగపిల్లాడు పుట్టాడు. అప్పుడు ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు.

పసిగుడ్డు రాత్రంతా ఏడ్చి మూడున్నరకో నాలుక్కో కళ్లు మూసేవాడు. నాలుగున్నరకి గిలక. వాడు ఉలిక్కిపడి చేతులు గాల్లోకి చాపి మొదలుపెట్టేవాడు. వాడితో పాటు ఆయాసంతో రాత్రంతా కూర్చుని అప్పుడే ఒరిగిన నాయనమ్మ. "ఒరే నాయినా, ఆ గుంటడికి నిద్దర నేదు, నాకు నేదు. ఆ తోట ఎటూ పారిపోదు గదా!" అని అరిచేది. అక్క ఏమీ అనేది కాదు. నాన్న వెళ్తున్నంతసేపూ పిల్లాడి చెవులు రెండు అరచేతులతో మూసి కూర్చునేది. అదే నాన్నకి ఎక్కువ తగిలింది.

మొదట ఆముదం పోశాడు. రెండు రోజులు బాగుంది. మూడో రోజు వానకి కడుక్కుపోయింది. తర్వాత గ్రీజు. గ్రీజుకి ఇసక అంటుకుని నల్లటి ముద్దయింది, అరుపు పోయి మూలుగు వచ్చింది. ఇక్కడ నాన్న కూర్చుండిపోతాడని అనుకున్నాం. మా నాన్నకి కొబ్బరి చెక్కలు ఎండబెట్టడం తప్ప ఏ మిషను గురించీ తెలీదు. అయితే పట్టు పడితే వదలడు. ఒక ఆదివారం పలాస తీసుకెళ్లాడు నన్ను. అక్కడ జీడి ఫ్యాక్టరీలున్నాయి కాబట్టి వాటి మిషన్లు బాగుచేసే లేతు షాపులున్నాయి. లేతు ఆయన గిలకని తిప్పి చూసి, "ఇనుం మీద ఇనుం దొర్లితే అరవక ఏం చేస్తాదండీ? తాడు చూడండి, మెలికలు మెలికలుగా ఉంది. ఒక్కో మెలిక మీదా చక్రం ఎక్కి దిగుతుంది. నైలాన్ వేసుకోండి," అన్నాడు.

నైలాన్ రాడ్డు ముక్క అప్పటిదాకా నేను చూడలేదు. పాలమీగడ రంగు, నాలుగంగుళాల లావు. లేతు మీద తిరుగుతుంటే తెల్లటి రిబ్బన్లు లేచి నేల మీద గుట్టపడ్డాయి. అవి జేబు నిండా నింపుకొచ్చుకున్నాను. చక్రం గాడి తాడు కంటే పిసరు వెడల్పు ఉండాలన్నాడు ఆయన, ఇరుకైతే పిండేస్తుంది, మరీ వెడల్పైతే తాడు అందులో దొర్లుతుంది. మధ్యలో బేరింగుకి ముప్పై ఐదు ఎమ్ఎమ్ గుంట, రెండు పక్కలా. రెండు చక్రాలు, నాలుగు బేరింగులు.

కొత్త బేరింగులకి నాన్న చేతిలో డబ్బుల్లేవు. లేతు ఆయనకి తెలిసిన మోటారు వైండింగ్ షాపులో పీకేసిన పాతవి ఒక డాల్డా డబ్బాలో ఉన్నాయి. ఆరు రెండు సున్నా రెండు నెంబరువి పదకొండు దొరికాయి. సీలింగ్ ఫ్యాన్లలో ఉంటుంది చూడండి, ఆ సైజు. ఇంటికొచ్చి కిరసనాయిల్లో రాత్రంతా నానబెట్టాం. పొద్దున్న నాన్న ఒక్కోదాన్ని గుడ్డతో తుడిచి, లోపలి రింగుని చూపుడు వేలికి తొడిగి, పై రింగుని రెండో చేత్తో గిర్రున తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని వినేవాడు. తర్వాత నా చెవి దగ్గర పెట్టేవాడు. ఏడు గరగరలాడాయి. నాలుగు గాలిలా తిరిగాయి. ఒకటి మాత్రం ఎంతసేపు తిరిగిందో, నాన్న దాన్ని అమ్మ చెవి దగ్గర కూడా పెట్టాడు. అమ్మ చేతిలో అట్లకాడ. "వినిపిస్తందా?" "ఏటీ వినిపించట్లేదు." "అదే!"

బేరింగుల్లోకి వాన నీళ్లు పోకుండా హవాయి చెప్పుల్ని గుండ్రంగా కోసి మూతలు పెట్టాం. ఆ ఏడాది మా ఇంట్లో జత చెప్పులు మిగల్లేదు. ఉయ్యాల బల్ల బోల్టుల కింద చెప్పు ముక్కలే, గిలక ఫ్రేముకీ కొక్కేనికీ మధ్య చెప్పు ముక్కలే.

చక్రాలు మార్చాక అరుపు పూర్తిగా పోయింది. అప్పుడు తెలిసింది, ఆ అరుపు వెనకాల ఎన్ని చప్పుళ్లు దాక్కున్నాయో. గొలుసులు గలగలమంటున్నాయి. వాటికి పాత సైకిలు ట్యూబు తొడిగాం. లాగుడు తాడు చిన్న గిలకలు కీచుమంటున్నాయి. వాటినీ నైలాన్ ముక్కలతో మార్చాం. బండి గెడ్డ మధ్యకి వచ్చేసరికి చింతచెట్టు దగ్గర 'కిర్ర్' మని ఒక్కసారి వచ్చేది. అది దొరకడానికి మూడు రోజులు పట్టింది. మావయ్య సెలవు మీద వచ్చినప్పుడు పొడవాటి స్క్రూడ్రైవరు మొన చెక్క పలక మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, నన్ను బండి మీద వెళ్లమన్నాడు. ఒక్కో పలకా విన్నాడు. నాలుగో పలక దగ్గర చెయ్యి ఎత్తాడు. బరువు పడ్డప్పుడు పలక బెరడు మీద రాసుకుంటోంది. లారీ టైరు ముక్క కోసి వెనక పెట్టాం. డాక్టరు గుండె విన్నట్టు విన్నాడని నాయనమ్మ ఊరంతా చెప్పింది.

ఇంకొక్క చప్పుడు మిగిలింది. 'టిక్'. చాలా చిన్నది. తాడు లాగినప్పుడల్లా ఒకటి. నేను లాగితే రాదు, మావయ్య లాగితే రాదు, నాన్న లాగితే వస్తుంది. చక్రాలు విప్పాం, బిగించాం. ఫ్రేము బోల్టులన్నీ తీసి పెట్టాం. నాన్నకి ఆ టిక్ మీద పంతం పట్టింది. అన్నం తింటూ కూడా అదే. నాలుగో రోజు అక్క పిల్లాణ్ని ఒళ్లో వేసుకుని గట్టు మీద కూర్చుని చూస్తూ, "నాన్నా, నీ మొలతాడు," అంది. పంపు షెడ్డు తాళంచెవి మొలతాడుకి కట్టి ఉంది. చెయ్యి చాపి తాడు లాగిన ప్రతిసారీ అది బల్ల అంచుకి తగులుతోంది.

నాన్న తాళంచెవిని జేబులో వేసుకున్నాడు. మర్నాడు నాలుగున్నరకి నేను మేలుకునే ఉన్నాను. నాన్న లాంతరు పట్టుకుని వెళ్లడం చూశాను. లాంతరు వెలుతురు గెడ్డ మీద నీళ్లలో ఒకటి, గాల్లో ఒకటి, రెండుగా పోయింది. అవతల గట్టు మీద ఒకటైంది. మధ్యలో కప్పలు, నీళ్ల హోరు తప్ప ఇంకేం లేదు. ఇంట్లోకొచ్చి చూస్తే పిల్లాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. అక్క చేతులు వాడి చెవుల దగ్గరే, గాల్లో ఉన్నాయి. ఇప్పుడో ఇంకాసేపటికో చప్పుడు వస్తుందని అలాగే కూర్చుంది పాపం.

"ఎల్లిపోనారా?" అంది.

వెళ్లిపోయి పది నిమిషాలైందన్నాను.

కథ ఇక్కడితో అయిపోవాల్సింది. తర్వాతి సంవత్సరం జూన్ ఆఖరున అయినది చెప్పకపోతే అమ్మ ఊరుకోదు.

ఉద్దానంలో ఉన్నవాళ్లకి ఎలుగుబంట్ల సంగతి తెలుసు. జీడి పళ్లకీ పనస పళ్లకీ తోటల్లోకి వస్తాయి. చూపు తక్కువ, వాసన పట్టడం ఎక్కువ. ఎక్కువగా మనిషి హఠాత్తుగా ఎదురైనప్పుడే మీద పడతాయి. అందుకే మా వైపు తెల్లవారుజామున తోటకి వెళ్లేవాళ్లు నలుగురు కలిసి, మాట్లాడుకుంటూ, దగ్గుకుంటూ, కర్రతో కొడుతూ వెళ్తారు. మేమేమో ఏడాదంతా కష్టపడి చప్పుడు లేకుండా తోటలోకి దిగే ఏర్పాటు చేసుకున్నాం. ఆ ముక్క ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

ఆ రోజు నాన్న గెడ్డ దాటి గట్టుకి ఆరడుగుల దూరంలో ఉన్నాడు. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. నేరేడు చెట్టు కింద నల్లగా ఏదో కదిలింది. మా గేదె తాడు తెంపుకుని వచ్చిందనుకున్నాడట. తర్వాత అది ఊపిరి పీల్చిన శబ్దం వినిపించింది. రాలిన పళ్లని నేల మీంచి పీలుస్తోంది, జుర్రు జుర్రుమని. దానికీ నాన్నకీ మధ్య పది బారలు లేదు. లాంతరు కాళ్ల మధ్య పెట్టుకుని పంచె కొంగు కప్పాడు. ఒక్కో జానెడూ తాడు వెనక్కి లాక్కుంటూ వచ్చేశాడు. ఎనభై అడుగులు. మధ్య నుంచి ఇవతలికి ఎత్తెక్కాలి కదా, అక్కడ చేతులు వణికి తాడు రెండుసార్లు జారిందట. అదేమో తల ఎత్తనేలేదు.

చింతచెట్టు వేరు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. అమ్మ చెంబు తెచ్చింది.

"ఏటైందండీ?"

"గుడ్డెలుగు."

ఆ తర్వాత మా ఇంట్లో నడిచిన వాదం ఇప్పటికీ తేలలేదు. చప్పుడు లేకపోబట్టే బతికి బయటపడ్డాడని మావయ్య. పాత గిలకలే ఉండి ఉంటే అది ఆ అరుపుకి ఎప్పుడో పారిపోయేది, అసలు ఎదురే పడేది కాదని అమ్మ. నేను అమ్మ వైపే. క్రేన్ల దగ్గర పనిచేసేవాణ్ని, బరువు కదులుతుంటే హారన్ మోగాలన్నది మాకు రూలు. కాకపోతే మావయ్య ముందు ఈ మాట ఎప్పుడూ అనలేదు.

మరుసటి రోజు అమ్మ గొడ్లపాకలోంచి ఎద్దు మెడ గంట తెచ్చి ఉయ్యాల బల్ల కింద కట్టింది. నాన్న ఏమీ మాట్లాడలేదు. ఏడాది పాటు ఒక్కో చప్పుడూ వెతికి వెతికి తీసేసిన మనిషి, గంట కడుతుంటే లాంతరు పట్టుకుని నిలబడ్డాడు. అక్క, పిల్లాడు అప్పటికే అత్తారింటికి వెళ్లిపోయారు. గంట మోగినా లేచేవాళ్లు లేరు. చీకటి పడ్డాక నాన్న తిరిగొచ్చేటప్పుడు గంట గెడ్డ మధ్యలో ఉండగానే అమ్మ పొయ్యి మీద అట్లపెనం పెట్టేది. అంతకుముందు ఏడాదంతా ఆ మనిషి ఎప్పుడొచ్చాడో తెలీక అట్లు చల్లారిపోయేవని అప్పుడు చెప్పింది.

ఇనప తాడు కథ పాలిటెక్నిక్‌లో విన్నప్పుడు ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. జర్మనీ గనుల్లో ఆల్బర్ట్ అనే ఆయన 1834లో చేశాడు, నాలుగేసి తీగల పేటలు మూడు కలిపి, చేత్తోనే మెలిపెట్టారు, అప్పటిదాకా గొలుసులు వాడితే ఊరికే తెగిపోయేవట. నాన్న శ్రద్ధగా విని, "గొలుసులు చప్పుడు కూడా చేస్తాయి," అన్నాడు.

కొన్నేళ్లకి గెడ్డ మీద సిమెంటు వంతెన పడింది. తోటకి రెండు నిమిషాల దారి. బల్ల, చక్రాలు విప్పి అటక ఎక్కించాం. తాడు మాత్రం అలాగే వదిలేశాడు నాన్న. నిజంగానే దండెమైంది, అమ్మ దుప్పట్లు ఆరేసేది. 2013లో వచ్చిన తుపాను పైలిన్‌కి ఆగింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మూడు రోజుల తర్వాత నేను ఊరు చేరగలిగాను. మా తోటలో కొబ్బరి చెట్లు దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపు పడి ఉన్నాయి. నేరేడు లేదు. జీడి చెట్లు వేళ్లతో సహా పైకి లేచాయి. రెండు కొబ్బరి చెట్లు తాడు మీద పడి దాన్ని నీళ్లలోకి దించేశాయి. అయినా తాడు తెగలేదు. అవతలి దుంగే భూమిలోంచి పెళ్లగించుకు బయటికొచ్చింది, నల్లగా, ఇరవై ఏళ్ల మట్టితో. నాయనమ్మ ఉండి ఉంటే ఏమనేదో.

చింతచెట్టు నిలబడింది, కొమ్మలు సగం పోయాయి. తాడు కోసి తీద్దామని వెళ్తే టైరు ముక్క కనపడలేదు. బెరడు దాన్ని మింగేసింది. అంచు మాత్రం పెదవిలా బయటికి కనిపిస్తోంది.

ఇల్లు పెంకులు ఎగిరిపోయి అటక తడిసింది. సామాన్లు దించుతుంటే గోనెసంచిలో ఆ చక్రాలు దొరికాయి. పాలమీగడ రంగు పోయి టీ రంగుకొచ్చాయి. గాడి లోపల తాడు మెలికలు అచ్చు పడ్డట్టు చారలు. నాన్నకి అప్పటికి డెబ్బై దాటింది, రెండు చెవులూ సరిగ్గా వినపడవు, మిషను పెట్టుకోమంటే పెట్టుకోడు. గుమ్మంలో కూర్చుని ఒక చక్రం మధ్యలో వేలు దూర్చి రెండో చేత్తో గిర్రున తిప్పాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు విన్నాడు. తర్వాత దాన్ని నా చెవి దగ్గర పెట్టాడు.

"సౌండు వస్తందా?"

కొద్దిగా గరగరమంటోంది.

"లేదు నాన్నా," అన్నాను.

"మరి!" అన్నాడు.